రెండు మార్కుల ప్రశ్నకు పేజీన్నర రాసినవాడి సలహాలు: చరిత్రలో చిన్న జవాబులు ఎలా రాయాలి

తొమ్మిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో "రామప్ప గుడిని ఎవరు, ఎప్పుడు కట్టించారు?" అని రెండు మార్కుల ప్రశ్న వచ్చింది. మాది పాలంపేట దగ్గరి ఊరు. ఆ గుడి అరుగుల మీద ఆడుకున్నవాణ్ని, ఇంకేం కావాలి! నీళ్లలో తేలే ఇటుకలు, నల్లరాతి మదనికలు, చెవులు రిక్కించి వింటున్నట్టుండే నంది, శివరాత్రి జాతర, చెరువు కట్ట మీద మేం తిన్న సద్ది... పేజీన్నర నింపాను. వచ్చింది సున్నా. గుడి కట్టించింది గణపతిదేవుడని మధ్యలో ఎక్కడో రాశాను, అదీ తప్పే. ఆయన సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. ఆ మోజులో పడి నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి ముట్టుకోకముందే బెల్లు కొట్టారు.

ఇప్పుడు నేనే పిల్లలకు సోషల్ చెప్తాను. ఏటా ఎండాకాలంలో స్పాట్ వాల్యుయేషన్‌కు పోతాను. అక్కడ కట్టలు విప్పి దిద్దుతుంటే నా పేజీన్నరే మళ్లీ మళ్లీ కనిపిస్తుంటుంది, చేతిరాత ఒక్కటే వేరు. రాక పోగొట్టుకునే మార్కులు ఎలాగూ ఉంటాయి. వచ్చిందంతా కుమ్మరించి పోగొట్టుకునేవి చూస్తేనే కడుపు తరుక్కుపోతుంది. మన వరంగల్, జనగామ, ములుగు వైపు పిల్లలకు ఈ జబ్బు ఇంకాస్త ఎక్కువ. కాకతీయులు, సాయుధ పోరాటం, తెలంగాణ ఉద్యమం అన్నీ ఇంట్లో విన్న ముచ్చట్లే. అమ్మమ్మ చెప్పింది, సినిమాలో చూసింది, పాటలో విన్నది మొత్తం నాలుగు లైన్ల జవాబులోకి తోసుకొస్తాయి. వాటిలో ఏది లోపలికి రానివ్వాలో, ఏది గడప బయటే ఆపాలో తెలిస్తే చిన్న జవాబు వచ్చినట్టే.

ముందు ప్రశ్నలోని చివరి మాట చూడండి

తెలుగు ప్రశ్నలో అసలు పని చివర ఉంటుంది. "ఏమిటి", "ఎందుకు", "ఎలా", "ఫలితాలు రాయండి", "పోల్చండి", "వ్యాఖ్యానించండి". పిల్లలు మాత్రం మొదటి రెండు మాటలు చూసి కలం పట్టుకుంటారు. "మొదటి ప్రపంచయుద్ధ..." అని కనిపించగానే పాఠమంతా గుర్తొస్తుంది, చేయి పరుగెత్తుతుంది. ఆ ప్రశ్న "మొదటి ప్రపంచయుద్ధానికి తక్షణ కారణం ఏమిటి?" అయితే జవాబు ఒక్కటే: 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య. అదే ప్రశ్న "దీర్ఘకాలిక కారణాలు ఏవైనా రెండు రాయండి" అని ఉంటే ఈ హత్య పనికిరాదు. రహస్య కూటములు, ఆయుధ పోటీ, దురహంకార జాతీయవాదం, వలసల కోసం కొట్లాట, వీటిలోంచి రెండు తీసుకోవాలి. నాలుగూ రాసినా రెండింటికే మార్కులు. మిగతా రెండూ మీరు దిద్దేవాళ్లకు ఉచితంగా ఇచ్చినవి.

ఇంట్లో పాత ప్రశ్నపత్రాలు తీసి రాసేటప్పుడు ఆ చివరి మాట కింద పెన్సిల్‌తో గీత పెట్టండి. "ఏవైనా రెండు", "1945 తర్వాత", "జర్మనీలో" లాంటి హద్దు మాట ఉంటే దాని చుట్టూ సున్నా చుట్టండి. పబ్లిక్ పరీక్షలో ప్రశ్నపత్రం మీద హాల్‌టికెట్ నంబర్ తప్ప ఏమీ రాయొద్దంటారు, కాబట్టి అక్కడ ఆ పని వేలు చేయాలి. ప్రశ్న కింద వేలు పెట్టి చివరిదాకా చదవండి. మా తరగతిలో మొదట్లో నవ్వారు, "ఒకటో తరగతి పోరల లెక్క చేస్తున్నం సార్" అని. ప్రీఫైనల్ అయ్యాక నవ్వలేదు.

మొదటి వాక్యంలోనే జవాబు పెట్టండి

దిద్దేవాళ్ల ముందు పొద్దున ఒక కట్ట, మధ్యాహ్నం ఇంకో కట్ట ఉంటుంది. బయట ఏప్రిల్ ఎండ. ఫ్యాను తిరుగుతుంటుంది, గాలి రాదు. మీ జవాబులోని మొదటి లైను చదువుతుండగానే ఈ అబ్బాయికి విషయం తెలుసా, తిప్పుతున్నాడా అన్నది సగం తేలిపోతుంది. అందుకని ప్రశ్నకు సూటి జవాబు మొదటి వాక్యంలోనే కూర్చోవాలి.

"మోటుపల్లి అభయ శాసనం ప్రాముఖ్యం ఏమిటి?" అన్న ప్రశ్నకు ఎక్కువమంది ఇలా మొదలుపెడతారు: "కాకతీయులు ఓరుగల్లు రాజధానిగా పాలించారు. కాకతీయులలో గణపతిదేవుడు గొప్పవాడు. ఆయన కాలంలో వ్యాపారం బాగా జరిగింది." మూడు వాక్యాలయ్యాయి, శాసనం ఇంకా రాలేదు. రాసినదాంట్లో తప్పేమీ లేదు, అదే చిక్కు. తప్పు లేదు కాబట్టి రాసినవాడికి తృప్తిగానే ఉంటుంది.

ఇలా రాసి చూడండి:

"సముద్ర వ్యాపారులకు రక్షణ కల్పిస్తూ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం ఇది. అంతకుముందు రాజులు తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును లాక్కునేవారు. తాను నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని గణపతిదేవుడు హామీ ఇవ్వడంతో వర్తకులకు ఈ రేవు మీద నమ్మకం కుదిరింది."

మూడు వాక్యాలే. మొదటిది శాసనం ఏమిటో చెప్పింది, రెండోది అంతకుముందు ఎలా ఉండేదో, మూడోది దానివల్ల ఏం మారిందో. "ప్రాముఖ్యం" అని అడిగిన ఏ ప్రశ్నకైనా ఈ ముందు–తర్వాత పనికొస్తుంది. ఏదైనా ముఖ్యమని చెప్పాలంటే అది రాకముందు పరిస్థితి ఏమిటో చెప్పక తప్పదు కదా.

ఇంకొకటి. ప్రశ్ననే తిరగరాసి జవాబు మొదలుపెట్టే అలవాటు చిన్న తరగతుల్లో మేమే నేర్పుతాం, తప్పు మాదే. "మోటుపల్లి అభయ శాసనం ప్రాముఖ్యం ఏమిటనగా..." అని ఒక లైను పోతుంది. పదో తరగతికి వచ్చేసరికి దాన్ని వదిలించుకోండి.

"ఎందుకు" అని అడిగితే తేదీలు సరిచూసుకోండి

ఇక్కడ కాస్త ఆగి చూడాలి, ఎక్కువ మార్కులు జారిపోయేది ఇక్కడే. ప్రశ్న: "తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి దారితీసిన కారణాలు రాయండి." నాలుగు మార్కులు. మా విద్యార్థి ఒకడు రాసింది దాదాపు ఇలా ఉంది:

"నిజాం చాలా ధనవంతుడు. ఆయన ప్రజలను ఎంతో బాధపెట్టాడు. రజాకార్లు భైరాన్‌పల్లిలో చాలామందిని చంపారు. అందుకే ప్రజలు తిరగబడ్డారు. చాకలి ఐలమ్మ, దొడ్డి కొమరయ్య మొదలైనవారు పోరాడారు. చివరికి పోలీసు చర్య జరిగి హైదరాబాద్ ఇండియాలో కలిసింది."

వాడు నా దగ్గరికొచ్చి "సార్, అన్నీ రాసిన కదా, రెండే మార్కులు ఎందుకేసిండ్రు?" అన్నాడు. ఇద్దరం బల్ల మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాం. ఒక్కో పేరు పక్కన సంవత్సరం వెయ్యమన్నాను. దొడ్డి కొమరయ్య దగ్గర 1946 వేశాడు. భైరాన్‌పల్లి దగ్గర ఆగిపోయాడు, పుస్తకం తిరగేసి 1948 ఆగస్టు అని రాశాడు. పోలీసు చర్య 1948 సెప్టెంబర్. కాసేపు చూసి తనే అన్నాడు, "1946ల మొదలైనదానికి 1948ల జరిగింది కారణమెట్లైతది సార్?"

గంతే. కారణం ముందు రావాలి, ఫలితం తర్వాత రావాలి. మీరు కారణమని రాసిన ప్రతిదాని పక్కన మనసులో ఒక సంవత్సరం వేసుకోండి. అది అసలు సంఘటన తర్వాతి సంవత్సరమైతే కొట్టేయండి. భైరాన్‌పల్లి మన మనసులో పెద్ద గాయం, ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనే ఉన్న ఊరు, రాయబుద్ధేస్తుంది. ఉద్యమం మీద జరిగిన అణచివేత గురించి అడిగితే తప్పక రాయండి. కారణాలు అడిగినప్పుడు దానికి చోటు లేదు.

తర్వాత వాడే తిరిగి రాశాడు. నేను రెండు మాటలు సరిచేశాను:

"భూమిలో పెద్ద భాగం జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌ల చేతుల్లో ఉండటం, వాళ్లు చేయించిన వెట్టి, అక్రమ వసూళ్లు ఈ పోరాటానికి ప్రధాన కారణాలు. కులవృత్తుల వాళ్లు దొర గడీలో కూలి లేకుండా పనిచేయాల్సి వచ్చేది. అప్పు తీర్చలేని రైతుల భూములు లాక్కునేవారు. ఆంధ్ర మహాసభ ఊళ్లలో సంఘాలు పెట్టడంతో ఈ కోపం ఒక్కచోటికి చేరింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దేశ్‌ముఖ్ మనుషుల పాలు కానివ్వకుండా నిలబడింది ఈ సంఘం అండతోనే. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య చనిపోవడం పోరాటం రాజుకోవడానికి తక్షణ కారణమైంది."

పాత జవాబులో ఉన్న ఐలమ్మ, కొమరయ్య ఇందులోనూ ఉన్నారు. అక్కడ "మొదలైనవారు" అనే గుంపులో ఉన్నారు, ఇక్కడ ఒక్కొక్కరికి ఒక్కో పని ఉంది. ఐలమ్మ సంఘం బలానికి ఉదాహరణ. కొమరయ్య మరణం తక్షణ కారణం. జవాబులో పేరు రాస్తే ఆ పేరు దేనికి సాక్ష్యమో అదే వాక్యంలో తెలియాలి. నిజాం ఐశ్వర్యం మాత్రం పోయింది. ఉస్మాన్ అలీ ఖాన్ ఆస్తి ఎంతో ఈ ప్రశ్న అడగలేదు.

"ఎలా" అన్నది గొలుసు

"ఎందుకు" అంటే కారణాలు పక్కపక్కన పెట్టొచ్చు. "ఎలా" అంటే ఒకదానికొకటి తగిలించాలి, మధ్యలో ఒక కొండీ ఊడినా జవాబు నిలవదు. "1929 ఆర్థిక మాంద్యం జర్మనీలో హిట్లర్ అధికారంలోకి రావడానికి ఎలా తోడ్పడింది?" అన్నదానికి చాలామంది "మాంద్యం వచ్చింది, ప్రజలు కష్టపడ్డారు, హిట్లర్ వచ్చాడు" అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. కష్టాలు వస్తే హిట్లరే ఎందుకు రావాలి? ఆ మధ్య ఖాళీ నింపడానికే మార్కులు.

ఏనుమాముల మార్కెట్లో పత్తి ధర పడిపోయిన ఏడాది ఊళ్లో ఏమవుతుందో మీకు తెలుసు. రైతు అప్పు కట్టలేడు, వ్యాపారి కొత్త అప్పు ఇవ్వడు, దసరాకు బట్టల దుకాణం ఈగలు తోలుకుంటుంది, ఆ దుకాణంలో పనిచేసే అబ్బాయి ఇంటికి పోతాడు. ఒకరి దెబ్బ ఇంకొకరికి ఎలా తగులుతుందో ఇందులో కనిపిస్తుంది. జర్మనీ కథను కూడా అలాగే కట్టండి. అమెరికాలో షేర్ మార్కెట్ కూలింది. అమెరికా బ్యాంకులు జర్మనీకి ఇచ్చిన అప్పులు వెనక్కి అడిగాయి. ఆ అప్పుల మీద నడుస్తున్న ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. నిరుద్యోగులు 60 లక్షలకు చేరారు. అప్పటి జర్మనీ ప్రజాస్వామ్య ప్రభుత్వం (వైమర్ ప్రభుత్వం) ఏమీ చేయలేకపోవడంతో ప్రజాస్వామ్యం మీదే నమ్మకం పోయింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఓడిన జర్మనీకి వర్సయిల్స్ సంధితో జరిగిన అవమానాన్ని తుడిచేసి ఉద్యోగాలిస్తానన్న నాజీలకు 1928లో 3 శాతం కూడా రాని ఓట్లు 1932 జులైలో 37 శాతం అయ్యాయి. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు.

పరీక్షలో ఇన్ని అంకెలు అక్కర్లేదు, ఒకటో రెండో చాలు. కానీ "దాంతో", "అందువల్ల", "ఫలితంగా" అనే మాటలు మీ జవాబులో ఉన్నాయా లేదా చూసుకోండి. అవి లేకుండా "ఎలా" ప్రశ్నకు జవాబు పూర్తయిందంటే నేను నమ్మను.

ఖాళీ మాటలు ఏరేయండి

"చాలా", "ఎంతో", "గొప్ప", "మొదలైనవి", "అభివృద్ధి చెందింది", "ప్రజలు సంతోషంగా ఉన్నారు". ఈ చివరిది మాత్రం నన్ను వెంటాడుతుంది. శాతవాహనుల కాలంలో ప్రజలు సంతోషంగా ఉన్నారు, కాకతీయుల కాలంలో ఉన్నారు, కుతుబ్‌షాహీల కాలంలోనూ ఉన్నారు. జవాబు పత్రాల ప్రకారం ఈ నేల మీద ఎవరూ ఎప్పుడూ ఏడ్వలేదు.

"కాకతీయులు చాలా చెరువులు తవ్వించారు, వ్యవసాయం ఎంతో అభివృద్ధి చెందింది" అనే చోట "పాకాల, రామప్ప లాంటి చెరువులు కట్టించడంతో వాన మీదే ఆధారపడ్డ మెట్ట నేలలో వరి పండింది, రాజ్యానికి శిస్తు పెరిగింది" అనండి. పొడవు దాదాపు అంతే. రెండు చెరువుల పేర్లు, ఒక పంట, ఒక ఫలితం వచ్చి చేరాయి.

తేదీ ఖచ్చితంగా తెలిస్తే రాయండి. అనుమానముంటే ఊహించకండి. "రెండో ప్రపంచయుద్ధం ముగిశాక", "అత్యవసర పరిస్థితి కాలంలో" అన్నా సరిపోతుంది. తప్పు సంవత్సరం రాస్తే ఒప్పుగా ఉన్న వాక్యం మీద కూడా అనుమానం వస్తుంది. పిల్లలు ఎప్పుడూ తారుమారు చేసే జంట ఒకటి గుర్తుపెట్టుకోండి: రాజ్యాంగాన్ని ఆమోదించింది 1949 నవంబర్ 26, అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26. "సామ్యవాద, లౌకిక" అనే మాటలు పీఠికలోకి వచ్చింది 1976లో, 42వ సవరణతో. అవి మొదటినుంచీ ఉన్నాయని రాసేవాళ్లు ప్రతి కట్టలోనూ ఉంటారు.

పోలికకు గడులు గీయండి

"నానాజాతి సమితికి, ఐక్యరాజ్యసమితికి భేదాలు రాయండి" అంటే ఎడమవైపు ఒక పేరా, కుడివైపు ఒక పేరా రాసి వదిలేయకండి. ఎడమన "1920లో ఏర్పడింది" అంటే ఎదురుగా "1945లో ఏర్పడింది" ఉండాలి. ఎడమన "అమెరికా చేరలేదు" అంటే ఎదురుగా "అమెరికా భద్రతా మండలిలో శాశ్వత సభ్యదేశం". ఎడమన "సొంత సైన్యం లేదు" అంటే ఎదురుగా "సభ్యదేశాల సైనికులతో శాంతి పరిరక్షక దళాలు పంపుతుంది". ఎదురెదురు గడులు ఒకే విషయం మాట్లాడాలి. ఎడమన సంవత్సరం, కుడిన వీటో అధికారం పెడితే అది పోలిక కాదు.

పేరా ఇచ్చి వ్యాఖ్యానించమంటే

మన ప్రశ్నపత్రాల్లో ఇది తప్పకుండా కనిపించే రకం. పేరా ఎదురుగానే ఉంది కదా అని దాన్నే నాలుగు మాటలు అటూ ఇటూ చేసి దించేస్తారు. దిద్దేవాళ్ల చేతిలోనూ అదే పేరా ఉంటుందని మరిచిపోతారు. ముందు పేరా ఏమంటోందో ఒక్క వాక్యంలో మీ మాటల్లో చెప్పండి. తర్వాత పేరాలో లేని విషయం పాఠంలోంచో మీ ఊళ్లోంచో ఒకటి తెచ్చి జోడించండి. ఆపై ఒప్పుకుంటారో లేదో చెప్పి, ఎందుకో చెప్పండి.

పెద్ద ఆనకట్టల వల్ల ఊళ్లు వదిలిన జనం గురించి పేరా వచ్చిందనుకోండి. నర్మదా బచావో ఆందోళన పాఠంలో ఉంది. కరీంనగర్ వైపు పిల్లలైతే మానేరు డ్యామ్ కింద మునిగిన ఊళ్ల ముచ్చట ఇంట్లో విని ఉండొచ్చు. ఇలాంటి చోట మాత్రం అమ్మమ్మ చెప్పిన మాటను గడప దాటనివ్వండి, ఒక్క వాక్యంలో. "నీళ్లు అవసరమే, కానీ ఊరు పోయినవాళ్లకు భూమికి బదులు భూమి ఇచ్చాకే గేట్లు దించాలి" అని మీ అభిప్రాయం రాస్తే చాలు. "ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి" అని ముగించారో, అది ఏ పేరాకైనా అతికే వాక్యం, మీ పేరాకు అక్కరకు రాదు.

భాష, టైము

"మా మాటల రాస్తే మార్కులు పోతయా సార్?" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. వెట్టి, గడీ, దొర, సంఘం, ఇవి మన చరిత్ర మాటలే, పుస్తకంలో ఉన్నవే, ధైర్యంగా రాయండి. క్రియలు మాత్రం పాఠ్యపుస్తకంలో ఉన్నట్టు రాస్తే ఏ జిల్లా వాళ్లు దిద్దినా తడబడరు. గైడులోని "తత్ఫలితముగా నెలకొనిన పరిస్థితుల దృష్ట్యా" లాంటివి బట్టీ పట్టొద్దు. సగం గుర్తుండి సగం గుర్తులేక వాక్యం మధ్యలో కూలిపోతుంది.

టైము లెక్క సులువు: మార్కుకు ఒకటిన్నర నిమిషం. రెండు మార్కులకు మూడు, నాలుగు మార్కులకు ఆరు. గీతల పేజీలో రెండు మార్కుల జవాబు ఐదారు లైన్లు దాటితే చేయి ఆపండి. ప్రశ్న నంబర్ సరిగ్గా వేయండి. ముఖ్యమైన పేరు కిందో సంవత్సరం కిందో ఒక గీత చాలు. జవాబంతా గీతలు కొడితే ఏది ముఖ్యమో మీకే తెలియదన్నట్టుంటుంది.

ఇంట్లో ఎలా సాధన చేయాలి

పాత క్యాలెండర్ కాగితాన్ని వెనక్కి తిప్పి పోస్టుకార్డు అంత ముక్కలు కోయండి. ముక్కకు ఒక ప్రశ్న, ఒకవైపే రాయాలి. పుస్తకం మూసి రాయండి, ఫోన్‌లో ఆరు నిమిషాలు పెట్టుకోండి. అయ్యాక ప్రతి వాక్యాన్నీ పట్టుకుని "ఇది తీసేస్తే జవాబుకు ఏమైనా పోతుందా?" అని అడగండి. ఏమీ పోకపోతే కొట్టేయండి. రోజుకు రెండు ముక్కలు చాలు. నర్సంపేట నుంచి హన్మకొండ బస్సులో వచ్చే మా పిల్ల ఒకతి ఆ ముక్కలకు రబ్బరు బ్యాండు వేసుకుని దారంతా తిప్పుతూ వచ్చేది.

దిద్దడం స్నేహితుడికివ్వండి, వాడివి మీరు తీసుకోండి. పక్కవాడి జవాబులో సోది పది సెకన్లలో దొరుకుతుంది. మన జవాబులో దొరకాలంటే నెల పడుతుంది.

ఈ ఆదివారానికి మూడు ప్రశ్నలు. హైదరాబాద్ రాజ్యంలో వెట్టి అంటే ఏమిటి? రెండు మార్కులు. వర్సయిల్స్ సంధి జర్మనీలో అసంతృప్తిని ఎలా పెంచింది? నాలుగు మార్కులు. 1969 తెలంగాణ ఉద్యమానికి కారణాలు ఏవైనా రెండు రాయండి, నాలుగు మార్కులు. మూడోది రాశాక ప్రతి కారణం పక్కన సంవత్సరం వేయండి. 1969 తర్వాతిది ఒక్కటైనా ఉంటే కాగితం తిప్పి మళ్లీ రాయండి.